పందొమ్మిదో డిస్కు

పాతదాంట్లో నక్షత్రాలు కదిలేవి కావు.
ఎవరో కుంచె విదిలిస్తే పడ్డ తెల్ల చుక్కలు,
ప్రతి భాగంలోనూ అవే చుక్కలు.
ఎడమ మూల ఒక వెంట్రుక ఉండేది.
కెమెరా కింద పడ్డదో, గీసినవాడి కనుబొమ్మదో.
నేనూ పక్క క్వార్టరు యాకూబూ
దానికి తోకచుక్క అని పేరు పెట్టుకున్నాం.

కొత్తదాంట్లో వెంట్రుక లేదు.
నౌక తిరిగితే ఆకాశం మొత్తం తిరుగుతుంది,
కమాండర్ కంటిపాపలో గ్రహం నీడ కూడా కనిపిస్తుంది.
బాగుంది.
ఆ మాట అనడానికి నాకు మూడు రాత్రులు పట్టింది.

కాజీపేట, డీజిల్ కాలనీ.
రోజుకు ఐదు రూపాయల అద్దె డిస్కు.
మాట ఒక్కటి అర్థం కాదు,
కింద ఇంగ్లీషు అక్షరాలు చదివేలోపే పోయేవి.
అయినా యుద్ధం ఎందుకో తెలిసేది:
ఒకడికి ఇల్లు లేదు, ఇంకొకడు తలుపు తియ్యడు.

బాపు షెడ్డు నుంచి వచ్చి
నూనె చేతులు కిరోసిన్‌తో కడుక్కుంటూ
టీవీ వైపు చూడకుండానే అన్నాడొకసారి:
"గా ఇంజన్‌కు టర్బో పోయింది బిడ్డా.
ఇన్నవా, దమ్ము తీస్తలేదు.
ఇంకో రెండు స్టేషన్లు గూడ పోదు."
నిజంగానే తర్వాతి భాగంలో నౌక ఆగిపోయింది,
ఏ సిగ్నలూ లేని చీకట్లో.
ఆ రోజు నుంచి యాకూబ్ మా బాపును చూస్తే
లేచి నిలబడి సెల్యూట్ కొట్టేవాడు.

పందొమ్మిదో డిస్కు గీతలు పడి ఆడలేదు.
షాపు సర్వేశం దాన్ని అంగీ అంచుతో తుడిచి, ఊది, మళ్లీ తుడిచి,
"గిది నేను జెప్త తియ్" అని
కౌంటర్ మీద మోచేతులు ఆనించాడు. కరెంటు లేదు.

"దుష్మన్ నౌక తలుపు తెరుసుకున్నది.
కమాండర్ ఒక్కడే పోయిండు.
గడప కాడ బూట్లు ఇడిసిండు.
ఎంత పగోనిదైనా ఇల్లు ఇల్లే గద.
లోపట ఒక్క ముసలమ్మ ఉన్నది.
తిన్నవా కొడకా, అనడిగింది.
గంతే. లడాయి ఆగింది."

ఇరవయ్యో డిస్కులో మళ్లీ బాంబులు.
ఇదేంటని పోయి అడిగితే
"మనుషులు ఊకుంటరా" అన్నాడు సర్వేశం.

ఇంకోటి చెప్పాలి, లేకపోతే అన్యాయం.
పాతదాంట్లో నౌకంతటికీ ఒక్కతే ఆడమనిషి.
ట్రే పట్టుకుని వచ్చేది, పేరు లేదు.
కొత్తదాంట్లో దారి చెప్పేది ఆమే. పేరుంది.
పన్నెండేళ్ల నా దగ్గరికి పరుగెత్తుకుపోయి
ఆ పేరు చెప్పాలనిపించింది.

నిన్న రాత్రి కొత్తదాని పందొమ్మిదో భాగం.
మేనకోడలు లౌక్య ఫోన్‌ను చెంబుకు ఆనించింది.
తలుపు తెరుచుకుంది. నేను ఊపిరి బిగబట్టాను.
కమాండర్ బూట్లతోనే లోపలికి పోయాడు.
గది నిండా యంత్రాలు,
ఒక్కో మీట వేరుగా మెరుస్తూ.

పాతదీ దొరికింది, ఎవరో శుభ్రం చేసి పెట్టారు.
అందులోనూ బూట్లతోనే పోయాడు.
ముసలమ్మ అందులోనూ లేదు.

హనుమకొండలో గుడి మండపం విప్పినప్పుడు
రాళ్లకు నంబర్లు వేశారు.
మళ్లీ నిలబెట్టాక పోయి వేలితో తడిమాను,
పాత రాయేదో కొత్త రాయేదో తెలుస్తుందేమోనని.
సర్వేశం పెట్టిన రాయికి నంబరు లేదు.
తీసి ఎక్కడ పెట్టాలో నాకు తెలియడం లేదు.

లౌక్య సౌండ్ పెంచింది. కొత్త నౌక బయల్దేరింది.
మంచం మీంచి బాపు చాలాసేపు చెవి రిక్కించాడు.
"ఇంజన్ యాడున్నది?"
"గిదే తాతా. సప్పుడు రాకుంట పోతది."
"మరి ఖరాబైతే ఎట్ల ఎరుకైతది?"

లౌక్య వీడియో ఆపింది.
పది సెకన్లు వెనక్కి జరిపి
ఫోన్‌కు చెవి ఆనించింది.